మొత్తం గాజుతో ఆఫీసు కట్టవచ్చా? పడమటి రోడ్డున్న ఎకరం స్థలానికి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్ శివారులో మీ కంపెనీకి ఎకరం స్థలం ఉంది. రోడ్డు పడమర వైపు. ముఖం సుమారు 48 మీటర్లు, లోపలికి 84 మీటర్లు. 1,200 మంది పనిచేసే సొంత కార్యాలయం, గ్రౌండ్ ఫ్లోరు మీద ఏడు అంతస్తులు కట్టాలి. ఆర్కిటెక్ట్ చూపించిన త్రీడీ బొమ్మలో నాలుగు వైపులా గాజే, ముందు భాగమైతే లోపలికి వంపు తిరిగిన అద్దాల గోడ. ఎండీ గారికి అది బాగా నచ్చింది. కరెంటు బిల్లు ఎలా ఉంటుందోనని మీకు అనుమానం. ఆధునికమైన ఆఫీసంటే ఇలాగే ఉండాలా, ఆర్కిటెక్ట్‌ను ఏమేమి అడగాలి అన్నారు.

నా సమాధానం: వద్దు. నాలుగు వైపులా గాజు వద్దు. పడమటి ముఖానికి వంపు గాజు అసలే వద్దు. ఉత్తరాన ధారాళంగా పెట్టుకోండి. దక్షిణాన చజ్జా నీడలో, కొలత ప్రకారం పెట్టండి. తూర్పున తక్కువ. పడమర వైపు మెట్లు, ఏసీ గదులు, కరెంటు గదులు పెట్టి దాదాపుగా మూసేయండి. ఇలా చేసినా భవనం అందంగా ఉంటుంది, రోడ్డు మీద వెళ్లేవారు తిరిగి చూస్తారు. ఎలాగో కింద చెబుతాను.

దీనికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. మీరు ఎలివేషన్ నుంచి, అంటే భవనం బయటి ముఖం నుంచి మొదలుపెట్టారు. ఆఫీసు భవనంలో అది చివర తేలవలసిన విషయం. ఇరవై ఏళ్లకు పైగా ఈ భవనాలే గీస్తున్నాను. మనుషులు ఇష్టపడి కూర్చునే భవనానికీ, ఎప్పుడెప్పుడు ఇంటికి పోదామా అనిపించే భవనానికీ తేడా ఒక్క అంతస్తు ప్లానులో తేలిపోతుంది. లిఫ్టులు ఎక్కడున్నాయి, మెట్లు ఎక్కడున్నాయి, కిటికీకి కుర్చీకి మధ్య ఎంత దూరం అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే గాజు సంగతి సగం తేలినట్టే.

ముందు ఎండ లెక్క

హైదరాబాద్ ఉన్నది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి మధ్య రోజుల్లో కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు. మిగిలిన సంవత్సరమంతా దక్షిణం వైపే.

దీనివల్ల మనకు కలిగే లాభం ఏమిటంటే, దక్షిణపు ఎండను ఆపడం చాలా తేలిక. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలు రాత్రి సమానమయ్యే రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు 72 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండడుగుల చజ్జా వేస్తే కిటికీ మీద ఆరడుగుల మేర నీడ పడుతుంది. డిసెంబరు చివర ఆ ఎత్తు 49 డిగ్రీలకు తగ్గుతుంది కాబట్టి అదే చజ్జా రెండడుగుల పైచిలుకు మాత్రమే కాపాడుతుంది. ఆ నెలల్లో బయట చల్లగానే ఉంటుంది కనుక వేడి పెద్ద బాధ కాదు. కంప్యూటర్ తెర మీద పడే వెలుగే చికాకు. దానికి లోపల ఒక బ్లైండు చాలు.

పడమర వైపు ఈ లెక్క పనిచేయదు. సాయంత్రపు సూర్యుడు కిందికి దిగి ఎదురుగా కొడతాడు. అడ్డంగా ఎంత చజ్జా వేసినా దాని కింది నుంచి ఎండ దూరుతుంది. నాలుగు గంటల వేళ పడమటి గోడ మీద చదరపు మీటరుకు 700 వాట్ల దాకా ఎండ పడుతుంది. ఖరీదైన అద్దం, అంటే ఎస్‌హెచ్‌జీసీ 0.25 ఉన్నది వేశారనుకుందాం. పడిన వేడిలో పావు వంతు లోపలికి వస్తుందని ఆ అంకెకు అర్థం. అంటే 175 వాట్లు. అలాంటి అద్దం 20 చదరపు మీటర్లు ఉంటే 3,500 వాట్లు. ఒక టన్ను ఏసీ తీసేయగలిగిన వేడి సరిగ్గా అంతే.

ఇప్పుడు మీ బొమ్మకు వద్దాం. పడమటి ముఖం 25 మీటర్ల వెడల్పు, 32 మీటర్ల ఎత్తు అనుకుంటే 800 చదరపు మీటర్లు. అంతా గాజైతే 40 టన్నుల ఏసీ ఆ ఒక్క ముఖానికే కేటాయించాలి. మీ భవనం మొత్తానికి కావలసింది 300 నుంచి 350 టన్నులు. ముందు భాగం ఫొటోలో మెరవడం కోసం ఎనిమిదో వంతు దాకా చిల్లరు (ఏసీ కోసం నీటిని చల్లబరిచే పెద్ద యంత్రం) అదనంగా కొని, దానికి తగ్గ ట్రాన్స్‌ఫార్మరు, దానికి తగ్గ డీజీ సెట్ (డీజిల్ జనరేటరు) కొని, పాతికేళ్లు బిల్లు కట్టాలన్నమాట.

"మరి ముదురు రంగు అద్దం వేస్తే?" అని ఎవరో ఒకరు అంటారు. వేడి తగ్గుతుంది, వెలుగూ తగ్గుతుంది. పట్టపగలు లైట్లన్నీ వేసుకోవాలి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మూడు గంటలకు మాదాపూర్, గచ్చిబౌలి రోడ్ల మీద నడుస్తూ పడమటి ముఖాలు చూడండి. అద్దాల వెనక బ్లైండ్లు దింపేసి ఉంటాయి. కొన్నిచోట్ల అట్టలు అంటించి ఉంటాయి. కోట్లు పోసి అద్దం కొని, దాని వెనక తెర కట్టుకుని, తెర వెనక ట్యూబులైటు వేసుకుని పనిచేయడం నాకు ఎన్నటికీ మింగుడు పడదు.

లోపలికి వంగిన గాజు గురించి విడిగా చెప్పాలి. లండన్‌లో 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ అనే ఎత్తయిన ఆఫీసు భవనం ముఖం అలాగే పుటాకారంగా ఉంటుంది. 2013 ఎండాకాలంలో దాని అద్దాల నుంచి ప్రతిఫలించిన ఎండ వీధిలో ఒకచోట కేంద్రీకృతమై, అక్కడ ఆపి ఉన్న ఖరీదైన కారు భాగాలు కరిగాయి. తరువాత ఆ ముఖానికి ఎండ ఆపే పలకలు బిగించవలసి వచ్చింది. లండన్ 51 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అక్కడి ఎండ మన ఎండకు చాలదు. మీ ముందు రోడ్డు మీద ద్విచక్ర వాహనాలు వెళతాయి. ఈ ఒక్క కారణం చాలు ఎండీ గారిని ఒప్పించడానికి.

ఈ గాజు మోజు ఎక్కడిది?

న్యూయార్క్‌లో 1952లో లీవర్ హౌస్ అనే భవనం వచ్చింది. కిటికీలు తెరుచుకోవు, చుట్టూ గాజు పరదా, లోపల పూర్తిగా ఏసీ. 1958లో దానికి ఎదురుగానే సీగ్రమ్ భవనం లేచింది. ఈ రెండింటినీ చూసి ప్రపంచంలోని కంపెనీలన్నీ ఆఫీసంటే ఇదే అనుకున్నాయి. అది 40 డిగ్రీల అక్షాంశం, మంచు పడే ఊరు. అంతటి పేరున్న లీవర్ హౌస్‌లోనే నీరు చొరబడి అద్దాల చట్రాల్లోని ఉక్కు తుప్పు పట్టింది. దాదాపు గాజు మొత్తం మార్చి 2001 నాటికి కొత్తది బిగించారు. మన దగ్గర 1998లో సైబర్ టవర్స్ మొదలైన తరువాత ఐటీ కంపెనీలతో పాటు ఈ వేషమూ వచ్చింది. కంపెనీ కొత్తదని చెప్పడానికి గాజు ఒక గుర్తు అయింది. కట్టడం కూడా త్వరగా అవుతుంది, అద్దెకిచ్చే బిల్డరుకు కరెంటు బిల్లుతో పనిలేదు. మీరు అద్దెకిచ్చేవారు కారు, అందులో ఉండేవారు. ఆ తేడా ఎండీ గారికి గుర్తు చేయండి.

నిబంధనలూ ఇప్పుడు దీనికి అడ్డమే. ఇంధన సామర్థ్య బ్యూరో 2017లో తెచ్చిన ఈసీబీసీ (భవనాల్లో ఇంధన పొదుపు నియమావళి) ప్రకారం మామూలు దారిలో అనుమతి పొందాలంటే గోడ విస్తీర్ణంలో కిటికీల వాటా 40 శాతం మించకూడదు. ఉత్తరం కాని దిక్కుల్లో, మన వాతావరణంలో, ఎస్‌హెచ్‌జీసీ 0.27 దాటకూడదు. ఉత్తరానికి మన అక్షాంశంలో 0.50 దాకా వెసులుబాటు ఉంది. ఉత్తరాన ధారాళంగా పెట్టుకోమన్నది అందుకే. 40 శాతం దాటాలనుకుంటే భవనం మొత్తానికి కంప్యూటర్‌లో శక్తి వినియోగం లెక్క వేయించి, ఇంకోచోట ఆదా చేసి చూపించాలి. దారి ఉంది, ఖర్చు కూడా ఉంది. ప్లాను పెట్టే రోజుకు ఏ సంచిక నియమావళి అమల్లో ఉందో మీ ఆర్కిటెక్ట్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి.

మీ స్థలం మీరనుకున్నంత చెడ్డది కాదు

పడమటి రోడ్డని కంగారుపడకండి. ముఖం తక్కువ, లోతు ఎక్కువ కాబట్టి భవనం సహజంగానే తూర్పు పడమరలుగా పొడవు తిరుగుతుంది. పొడుగు ముఖాలు రెండూ ఉత్తర దక్షిణాలకు వస్తాయి. ఎండ దృష్ట్యా ఆఫీసుకు ఇంతకన్నా మంచి దిశ లేదు. ఇదే ఎకరం స్థలం రోడ్డు వెంట అడ్డంగా పరుచుకుని ఉంటే నేను ఇంత ధైర్యంగా రాసేవాణ్ని కాదు.

ఎత్తును బట్టి చుట్టూ వదలవలసిన సెట్‌బ్యాక్ పోగా సుమారు 25 మీటర్ల వెడల్పు, 59 మీటర్ల పొడవు మిగులుతుంది. పిల్లర్లు 8.4 మీటర్ల దూరంలో పెడితే వెడల్పులో మూడు గళ్లు, పొడవులో ఏడు గళ్లు. 8.4 మీటర్లే ఎందుకంటే, రెండు పిల్లర్ల మధ్య సెల్లార్‌లో మూడు కార్లు ఇబ్బంది లేకుండా పడతాయి. పైన టేబుళ్ల వరుసలకూ ఆ దూరం నప్పుతుంది. అంతస్తుకు సుమారు 16,000 చదరపు అడుగులు, ఎనిమిది అంతస్తులకు 1,28,000. 1,200 మందికి భాగిస్తే తలకు దాదాపు 107 చదరపు అడుగులు. ఇందులో మెట్లు, లిఫ్టులు, మరుగుదొడ్లు, నడకదారులు కూడా కలిసి ఉన్నాయని మరవద్దు. ఇరుకు కాదు, విశాలమూ కాదు. ఇంకా మనుషులను పెంచే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి.

ఇక వెలుగు. కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉంటే దానికి రెండింతలు, మహా అయితే రెండున్నర ఇంతల దూరం పగటి వెలుగు లోపలికి పనికొచ్చేలా వస్తుంది. 2.7 మీటర్ల ఎత్తున సీలింగ్ ఉంటే అటూ ఇటూ ఆరేసి మీటర్లు. మధ్యలో 13 మీటర్ల పట్టీ చీకటిగా మిగిలిపోతుంది. మీటింగ్ గదులు, ఫోను మాట్లాడే చిన్న గదులు, సర్వర్ గది, ప్రింటర్లు, నడకదారి అన్నీ ఆ పట్టీలోకి నెట్టండి. రోజంతా కూర్చునే మనుషులు కిటికీల వైపు ఉండాలి. మన కంపెనీల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. మేనేజర్ల గదులు కిటికీల వెంట వరసగా కట్టి, వారు సగం రోజు మీటింగుల్లో ఉండగా, మిగిలిన వందమందినీ మధ్యలో ట్యూబులైట్ల కింద కూర్చోబెడతారు. నేను ఈ విషయంలో క్లయింట్లతో గట్టిగా వాదిస్తాను. కొందరు ఒప్పుకుంటారు, కొందరు గది గోడను గాజుతో కట్టించి రాజీపడతారు. రాజీ కూడా మంచిదే, వెలుగు దాటి వెళుతుంది.

గాజు ఎక్కువైతే వెలుగు ఎక్కువ లోపలికి వస్తుందనేది అపోహ. నేల నుంచి మోకాలి ఎత్తు దాకా ఉన్న అద్దం పనిబల్లకు వెలుగివ్వదు. వేడి మాత్రం ఇస్తుంది. బల్ల కింద పెట్టుకున్న సంచులు, వైర్లు రోడ్డు మీదికి కనిపిస్తాయి. రెండున్నర అడుగుల గోడ కట్టి, దాని పైనుంచి సీలింగ్ దాకా కిటికీ పెట్టండి.

కోర్ ఎక్కడ పెట్టాలి

లిఫ్టులు, మెట్లు, మరుగుదొడ్లు, ఏహెచ్‌యూ గదులు (అంతస్తుకు చల్లని గాలి పంపే యంత్రాలుండేవి), కేబుళ్లూ పైపులూ దిగే షాఫ్టులు, వీటన్నిటినీ కలిపి కోర్ అంటాం. అంతా ఒకే గుత్తిగా మధ్యలో పెట్టడం అలవాటు. మీ ప్లానుకు అది నప్పదు. 25 మీటర్ల వెడల్పులో మధ్యన కోర్ వస్తే రెండు పక్కలా సన్నని గొందులు మిగులుతాయి.

నేనైతే విడగొడతాను. లిఫ్టులు, మరుగుదొడ్లు దక్షిణపు ముఖం మధ్య గడిలో. ఒక మెట్లదారి, దాని పక్కనే ఏహెచ్‌యూ గది, కరెంటు గది పడమటి కొనలో. ఇంకో మెట్లదారి తూర్పు కొనలో. పడమటి ఎండ తగిలేది మెట్లకూ యంత్రాలకూ, మనుషులకు కాదు. రెండో లాభం అగ్నిప్రమాదం వేళ. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం ఆఫీసులో ఏ మూల నుంచైనా మెట్లదారి చేరే దూరం 30 మీటర్లు దాటకూడదు, స్ప్రింక్లర్లు ఉంటే కొంత సడలింపు ఉంది. 59 మీటర్ల పొడవుకు రెండు కొనల్లో రెండు మెట్లదారులుంటే అది సహజంగా కుదురుతుంది. పక్కపక్కనే రెండు మెట్లదారులు పెట్టిన ప్లాన్లు చూశాను. కాగితం మీద రెండే. పొగ వస్తే రెండూ ఒక్కసారే పనికిరాకుండా పోతాయి.

24 మీటర్ల ఎత్తు దాటితే రెఫ్యూజ్ ఏరియా కూడా కావాలి, అంటే మంటల వేళ మనుషులు నిలబడి ఎదురుచూసే బహిరంగ స్థలం. దాన్ని ఖాళీగా ఉంచాలి. విరిగిన కుర్చీలు, దీపావళి అలంకరణ సామాను దాచుకునే చోటుగా మార్చేసిన ఆఫీసులు లెక్కలేనన్ని. సామాను కోసం ప్రతి అంతస్తులో ఒక స్టోరు గది ప్లానులోనే ఇచ్చేస్తే ఈ జబ్బు చాలావరకు రాదు.

లిఫ్టుల దగ్గర పొదుపు వద్దు. మీ ఉద్యోగులు ఉదయం దాదాపు ఒకే సమయానికి వస్తారు. అయిదు నిమిషాల్లో మొత్తం జనంలో 12 నుంచి 15 శాతం మందిని పైకి చేర్చగలగాలన్నది ఈ వృత్తిలో వాడే కొలత. 1,200 మందికి 144 నుంచి 180 మంది. 16 మంది పట్టే లిఫ్టులో నిజానికి పన్నెండు, పదమూడు మంది ఎక్కుతారు. అన్ని అంతస్తుల్లో ఆగుతూ పైకి వెళ్లి దిగిరావడానికి రెండు నిమిషాలు పట్టిందనుకుంటే, అయిదు నిమిషాల్లో ఒక్కో లిఫ్టు ముప్పై మందిని చేర్చుతుంది. అంటే అయిదు లిఫ్టులు కావాలి. సామానుకు వేరొకటి. ఒక క్లయింటు నా మాట కాదని మూడుకు తగ్గించారు. భవనం తెరిచిన కొద్ది నెలలకే వారి హెచ్ఆర్ విభాగం ఉద్యోగులు వచ్చే వేళలను మూడుగా విడగొట్టాల్సి వచ్చింది. లిఫ్టు షాఫ్టును తరువాత జోడించడం ఎవరి వల్లా కాదు. డబ్బు చాలకపోతే షాఫ్టులు అయిదూ కట్టి, లిఫ్టులు ముందు నాలుగు బిగించండి.

మరుగుదొడ్లు మగవారికి 25 మందికి ఒకటి, ఆడవారికి 15 మందికి ఒకటి చొప్పున అన్నది నియమావళి లెక్క. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇద్దరూ సగం సగం అనుకుని లెక్క కట్టండి. చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ప్రతి అంతస్తులో ఒకటి, ప్రవేశం దగ్గర 12కు 1 వాలు మించని ర్యాంపు తప్పనిసరి.

అంతస్తు ఎత్తు గురించి ఒక్క మాట. బీముకు 600 మిల్లీమీటర్లు, దాని కింద ఏసీ డక్టుకు 450, లైట్లకూ ఫాల్స్ సీలింగ్‌కూ 150, కింద కేబుళ్లు పోయే ఎత్తు నేలకు 100, మనుషులకు 2,700. మొత్తం 4 మీటర్లు. ఎవరైనా 3.6 మీటర్లలో సర్దేస్తామంటే ఇందులో ఏది తగ్గిస్తారో అడగండి. తగ్గేది మనుషుల వాటాయే.

ఏసీ, నీళ్లు

హైదరాబాద్‌లోనే దీనికి చక్కని పాఠం ఉంది. పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో సుమారు రెండున్నర లక్షల చదరపు అడుగుల భవనాన్ని రెండు సమాన భాగాలుగా కట్టి, 2011లో వాడకంలోకి తెచ్చారు. ఒక సగానికి మామూలు పద్ధతిలో చల్లని గాలి పంపే ఏసీ. రెండో సగానికి స్లాబులో పైపులు వేసి, వాటిలో చల్లని నీరు తిప్పే రేడియంట్ పద్ధతి. రెండింటికీ మీటర్లు పెట్టి పోల్చి చూస్తే, రెండో సగం ఏసీ విద్యుత్తు దాదాపు మూడో వంతు తక్కువ. కట్టిన ఖర్చు రెండింటికీ ఇంచుమించు సమానం. చాలామంది ఈ కథలో పైపుల గురించే మాట్లాడతారు. నాకు ముఖ్యమనిపించేది వేరు. ఆ భవనంలో కిటికీలు పరిమితం, వాటికి నీడ ఉంది, గోడలకూ పైకప్పుకూ ఇన్సులేషన్ ఉంది. వేడిని బయటే ఆపారు కాబట్టే చల్లని స్లాబు సరిపోయింది. నాలుగు వైపులా గాజు పెట్టుకుని ఈ పద్ధతి అడిగితే కుదరదు. తేమ తీసేసిన గాలిని విడిగా పంపకపోతే సీలింగ్‌కు చెమట పడుతుంది కూడా. అందుకే విశాఖపట్నం లాంటి సముద్రతీర నగరంలో నేను దీన్ని అంత తేలిగ్గా సిఫారసు చేయను.

నీళ్ల లెక్క చాలామంది మరిచిపోతారు. నీటితో చల్లబడే చిల్లరు వేస్తే కూలింగ్ టవర్‌లో టన్నుకు గంటకు ఆరేడు లీటర్లు ఆవిరవుతాయి. 300 టన్నులు, పది గంటలు, పూర్తి లోడు అనుకుంటే రోజుకు 20,000 లీటర్లు, పెద్ద ట్యాంకర్లు రెండు. ఇంకోవైపు 1,200 మంది తలకు 45 లీటర్ల చొప్పున వాడేది 54,000 లీటర్లు. అందులో ఎక్కువ భాగం మీ ఎస్టీపీకే, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటుకే చేరుతుంది. శుద్ధి చేసి, కాఠిన్యం తగ్గించి ఆ నీటిని ఫ్లష్‌లకు, కూలింగ్ టవర్‌కు తిప్పితే మార్చి, ఏప్రిల్ నెలల్లో ట్యాంకర్ల కోసం ఎదురుచూడవలసిన పని ఉండదు. దీనికి విడి పైపులు మొదటే వేయాలి. గోడలు లేచాక సాధ్యం కాదు.

సెల్లార్‌కు ముందు బండ సంగతి చూడండి

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఎన్ని భవనాల పునాదులు చూశానో, ఎక్కువ చోట్ల కొద్ది అడుగుల్లోనే నల్లరాతి బండ తగిలింది. పునాదికి అది వరం. సెల్లార్‌కు శాపం. పక్కన ఇళ్లుంటే పేలుళ్లకు అనుమతి దొరకడం కష్టం, రసాయనాలతో పగలగొట్టాలంటే నెలలు పడుతుంది. అందుకే బోర్లు వేయించి ఏ మూల ఎంత లోతున బండ ఉందో పటం తీయించాకే ఎన్ని సెల్లార్లో నిర్ణయించండి. రెండో సెల్లార్ బండలోకి వెళుతుంటే ఒక అంతస్తు పార్కింగు పైకి తెచ్చుకోవడం చౌక. విజయవాడలో ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు తారుమారవుతుంది. అక్కడ నల్లరేగడి, పైకే ఉన్న భూగర్భ జలం. సెల్లార్ అంటే నీటితో పోరాటం.

వాస్తు గురించి

మీరు అడగలేదు, అయినా వస్తుంది. నా అనుభవంలో వాస్తు పండితుడు రాని ఆఫీసు భవనం మన దగ్గర అరుదు. నమ్మకం మీ ఇష్టం. నేను కోరేది ఒక్కటే, ఆయన్ను పిల్లర్ల గళ్లు గీయకముందే పిలవండి. స్లాబు పడ్డాక మెట్లు మార్చమంటే నష్టపోయేది మీరే. మీ స్థలంలో పేచీ కూడా పెద్దగా రాదు. బరువైన నిర్మాణం నైరుతి, పడమరల్లో ఉండాలంటారు, మనం మెట్లూ యంత్రాల గదులూ పెట్టేది పడమరే. భూమిలో సంపు ఈశాన్యాన, ట్రాన్స్‌ఫార్మరు, డీజీ సెట్ ఆగ్నేయాన అంటారు, వెనక ఖాళీలో రెండూ పడతాయి. ప్రవేశం తూర్పునుంచే కావాలని పట్టుబడితే, అగ్నిమాపక శకటం తిరగడానికి ఎలాగూ చుట్టూ దారి వదలాలి, ఆ దారినే వాడుకోవచ్చు. అతిథులకు చుట్టుతిరుగుడు అవుతుందని మాత్రం చెప్పండి.

మరి ఎండీ గారి బొమ్మ?

ఆయన కోరిక తప్పు కాదు. కంపెనీకి ఒక ముఖం కావాలి. పడమటి కొనలో మెట్లూ యంత్రాల గదులూ ఉన్నాయి కదా, వాటి ముందు రెండు మూడడుగుల ఎడంతో ఒక జాలీ తెర, అంటే గాలీ వెలుగూ దూరే సందులున్న తెర నిలబెట్టండి. కాల్చిన మట్టి పలకలు కావచ్చు, సన్నని కాంక్రీటు కావచ్చు, నిలువు అల్యూమినియం రెక్కలు కావచ్చు. సూర్యుడు ఎదురుగా దిగే దిక్కుకు నిలువు రెక్కలే పనిచేస్తాయి, అందులోనూ కొంచెం దక్షిణానికో ఉత్తరానికో తిప్పి బిగిస్తే ఇంకా మేలు. రాత్రిపూట వెనకనుంచి దీపాలు వేస్తే ఏ గాజు పెట్టెకూ రాని అందం వస్తుంది. వాయవ్య మూలన రెండంతస్తుల ఎత్తు ప్రవేశమందిరానికి గాజు పెట్టండి, ముందుకు బాగా చాచిన కప్పు నీడలో. రోడ్డు మీదినుంచి వచ్చేవారికి ఉత్తరపు గాజు ముఖం ఏటవాలుగా కనిపిస్తుంది కాబట్టి మెరుపు కోరికా తీరుతుంది.

జాలీ పాత మోస్తరు అంటారేమో. హైటెక్ సిటీకి దగ్గరలోనే ఉన్న సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూసి రమ్మనండి. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్ డిజైన్ చేశారు, 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొదటి భవనం అది. మధ్యలో ముంగిలి, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి పంపే బురుజులు, మొక్కలు పెరిగే పైకప్పు. ఇది చిన్న భవనం, సుమారు 20,000 చదరపు అడుగులు. అక్కడి ప్రతిదీ ఎనిమిది అంతస్తులకు పనికిరాదు. జాలీ మాత్రం పనికొస్తుంది.

ఉత్తరం గురించి ఒక జాగ్రత్త. మే, జూన్ నెలల్లో సూర్యుడు వాయవ్యంలో అస్తమిస్తాడు, కాబట్టి ఉత్తరపు గాజు మీద కూడా ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ పడుతుంది. అడుగు, అడుగున్నర లోతు నిలువు రెక్కలు దాన్ని ఆపుతాయి. ఈ రెక్కల మీద, చజ్జాల మీద పావురాలు కాపురం పెడతాయి. పైభాగం వాలుగా ఉండేలా గీయించుకోండి, తరువాత వలలు కట్టి భవనాన్ని చేపల పడవలా మార్చుకోకుండా.

ఎంత గాజు పెట్టినా, అది ఎలాంటిదో రాయించుకోండి. టెంపర్ చేసిన (వేడిచేసి చప్పున చల్లార్చి గట్టిపరిచిన) అద్దంలో నికెల్ సల్ఫైడ్ కణాలు చిక్కుకుని ఉంటే, ఏళ్ల తరువాత ఏ దెబ్బా తగలకుండానే పగలవచ్చు. ఫ్యాక్టరీలోనే హీట్ సోక్ పరీక్ష, అంటే వేడిలో ఉంచి లోపమున్నవాటిని ముందే పగలనిచ్చే పరీక్ష, చేయించిన అద్దం అడగండి. మనుషులు నడిచే చోటి పైన లామినేట్ చేసినదే (మధ్యలో పొర పెట్టి అతికించినది, పగిలినా ముక్కలు రాలవు) ఉండాలి. స్లాబు అంచుకూ గాజు గోడకూ మధ్య సందును మంట, పొగ దాటకుండా మూసే వివరం డ్రాయింగులో ఉందో లేదో చూడండి. తీరా కట్టాక మరమ్మతుకు చేయి కూడా పట్టని చోటు అది. అద్దాలు ఎవరు, ఎలా తుడుస్తారో కూడా అప్పుడే తేల్చండి.

ఈ వారం మీ ఆర్కిటెక్ట్‌ను అడగవలసినవి నాలుగు. ఉత్తర దిశ గుర్తుతో ఒక అంతస్తు పూర్తి ప్లాను, కుర్చీలతో సహా. మార్చి, జూన్, డిసెంబరు నెలల్లో ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి ఒక్కో ముఖం మీద నీడ ఎక్కడ పడుతుందో చూపే బొమ్మలు. లిఫ్టుల లెక్క కాగితం. ఇప్పటి గాజు డిజైనుకూ, పడమర మూసిన డిజైనుకూ ఏసీ టన్నుల పోలిక, ఏసీ కన్సల్టెంటు సంతకంతో. నాలుగోది ఎండీ గారి ముందు పెట్టండి, నా వాదనకన్నా అది బాగా పనిచేస్తుంది.

ఆ అంతస్తు ప్లాను చేతికి వచ్చాక, కంపెనీ పేరు తీసేసి ఇక్కడ పెట్టగలిగితే కోర్ ఎటు జరపాలో ఇంకా వివరంగా చెప్పగలను. సెల్లార్ సంగతి మాత్రం బండ పటం చూడకుండా మాట్లాడను.